రెజిమెంటల్ బజార్లో బందరు సముద్రం

మా తాత ఇమాం వలి గొప్ప చిత్రకారుడని నేను చెప్పను. ఆయన వేసిన గుర్రాన్ని చూసి ఇదేం గాడిద అని అడిగినవాళ్ళు చిలకలగూడలో చాలామందే ఉండేవారు. మనుషుల ముఖాలైతే అసలు కుదిరేవి కావు. నవ్వుతున్న మనిషికి పంటినొప్పి వచ్చినట్టుండేది. కానీ దూరంగా ఉన్న వాటిని వేయమంటే మాత్రం ఆయన చెయ్యే వేరు. ఒక గుట్ట, దాని వెనక ఇంకో గుట్ట, ఆ వెనక ఉందో లేదో తెలియని మూడో గుట్ట. చూసేవాళ్ళకు నడిచిపోవాలనిపించేది.

ఆ ఒక్క విద్య పుణ్యమా అని రెజిమెంటల్ బజార్లో సదాశివగారి ఫోటో స్టూడియోలో ఆయనకు తెరలు వేసే పని దొరికింది. అప్పట్లో ఫోటో దిగేవాళ్ళ వెనక ఒక పెద్ద గుడ్డ తెర వేలాడేది. దాని మీద మహలో, తోటో, మెట్లో ఉండేవి. లష్కర్‌లో, అంటే సికింద్రాబాదు దండులో, ఉండే ప్రతి సిపాయీ ఆ మహలు ముందు నిలబడి మీసం తిప్పి, ఫోటో ఊరికి పంపేవాడు. ఊళ్ళోవాళ్ళు మనవాడు మహల్లో ఉంటున్నాడనుకునేవారు. ఇందులో మోసం ఏముంది, అందరికీ సంతోషమే కదా అనేవాడు తాత.

మా అమ్మమ్మ ఖాసింబీది బందరు. రైల్వేలో పనిచేసే ఆమె మేనమామ తెచ్చిన సంబంధం ఇది. పెళ్ళై సికింద్రాబాదులో దిగిన రోజే ఆమెకు ఇక్కడి గాలి నచ్చలేదు. పెదవులు పగిలాయి. జుట్టు గడ్డిలా లేచింది. ఈ గాలికి రుచే లేదండీ, ఉత్త గాలి అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. గాలికి రుచి ఏమిటని ఇక్కడివాళ్ళు నవ్వేవారు. ఆమె మూతి ముడుచుకునేది తప్ప మాట మార్చుకునేది కాదు. మా ఇంటి ఆడవాళ్ళందరికీ ఈ మొండితనం ఆమె నుంచే వచ్చింది, నాతో సహా.

పోలీసు చర్య జరిగిన ఏడాది ఎండాకాలం చివర్లో ఆమెకు నెల తప్పింది. అప్పటికి నిజాం రాజ్యానికీ ఇండియాకూ మాటలు చెడి, సరిహద్దు దాటడం కష్టమైపోయింది. బందరు వెళ్ళడం కాదు కదా, బందరు పేరెత్తడానికే జనం భయపడేవారు. బయటి నుంచి సరుకు రాక ఉప్పుకు కూడా కరువొచ్చింది. అలాంటి రోజుల్లో ఒక పొద్దున అమ్మమ్మ అన్నం పళ్ళెం పక్కకు తోసి, తన కోరిక బయటపెట్టింది.

"నాకు సముద్రం చూడాలని ఉందండీ."

వేవిళ్ళతో ఉన్న మనిషి చింతకాయ అడుగుతుంది, మామిడి ముక్క అడుగుతుంది, మరీ అయితే సుద్దముక్క అడుగుతుంది. సముద్రం అడిగితే మొగుడు ఏం చేయాలి? పక్కింటి బుచ్చమ్మకు ఈ సంగతి తెలిసి పరుగున వచ్చింది. చిలకలగూడలో సగం మంది పిల్లలకు బొడ్డు కోసింది ఆమే.

"కడుపుతోని ఉన్నదాని కోరిక తీర్చకుంటే పుట్టే పిల్లకు చెవులల్ల చీము కారుతది. నేను చూసిన. నీ ఇష్టం ఇగ" అనేసి వెళ్ళిపోయింది.

తాతకు ఆ రాత్రి కునుకు పట్టలేదు. దేవుడికి భయపడినట్టే బుచ్చమ్మ మాటకూ భయపడేవాడాయన. తెల్లవారేసరికి ఒక నిర్ణయానికి వచ్చాడు. ఆమె సముద్రం దగ్గరికి పోలేదు కాబట్టి సముద్రమే ఇక్కడికి రావాలి. స్టూడియోలో ఒక పాత తెర ఖాళీగా ఉంది. చేతిలో కుంచె ఉంది. ఇక లేనిదల్లా ఒకటే, తాత ఏనాడూ సముద్రాన్ని చూడలేదు.

చూడకపోతేనేం అనుకున్నాడు. మహల్లో ఉండే మహలు వేశానా? తోట ఉండే తోట వేశానా? ఒక క్యాలెండరు బొమ్మ ముందు పెట్టుకుని నీలంగా నీళ్ళు నింపాడు. నీళ్ళూ ఆకాశమూ కలిసే చోట స్కేలు పెట్టి గీసినట్టు గీత గీశాడు. ఆ గీత మీద మూడు తెరచాపల ఓడ వేశాడు. ఓడ తాళ్ళు, తాళ్ళ ముడులు, కొసన ఎగిరే జెండా, ఏదీ వదల్లేదు. వాన కడిగిన రోజున మన ఊళ్ళో మౌలాలి గుట్ట ఎలా కనబడుతుందో తెలుసు కదా, మెట్లు లెక్కపెట్టుకోవచ్చు. దూరం అంటే ఆయనకు తెలిసిన దూరం అదే.

అమ్మమ్మను తీసుకొచ్చి తెర ముందు నిలబెట్టాడు. ఆమె చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కానీ నవ్వు ఆగలేదు.

"ఇది సముద్రం కాదండీ. మీ హుస్సేన్ సాగరే, కాస్త ఒళ్ళు చేసింది."

సదాశివగారు కెమెరా వెనక నల్లగుడ్డలో తల దూర్చి మరీ నవ్వాడు. తాతకు ముక్కు మీద కోపం.

"ఏం తక్కువైందే దీంట్ల? గింత పెద్ద ఓడ ఏసిన."

"ఆ ఓడ అంత దూరాన ఉంటే దాని తాళ్ళు కూడా కనబడతాయా? మా దగ్గర అంత దూరం పోతే ఓడే కనబడదు. నీళ్ళకీ ఆకాశానికీ మధ్య గీత ఉండదండీ. అక్కడంతా తెల్లగా ఉంటుంది."

తాత ఆ మాట మనసులో పెట్టుకున్నాడు. దూరం మసకేయడం ఆయనకు తెలియనిదా? ఎండాకాలంలో గాడ్పు కొట్టినప్పుడు బేగంపేట వైపు చూస్తే ఏముంటుంది? దుమ్ము. మసక అంటే దుమ్మే. ఓడను చెరపడానికి చేతులు రాలేదు కానీ, దాని మీదా గీత మీదా గోధుమరంగు పల్చగా పూసి, కాస్త ఎర్రమన్ను కలిపి, దూరమంతా మాపేశాడు. ఈసారి తప్పకుండా మెచ్చుకుంటుందని పనిలో పనిగా ఆమెకు మల్లెపూలు కూడా కొన్నాడు.

ఈసారి అమ్మమ్మ నవ్వలేదు. చాలాసేపు చూసి, మెల్లగా అంది: "దీన్ని చూస్తుంటే నాకు దాహమేస్తోందండీ." అని కళ్ళు తుడుచుకుంది. నవ్వినప్పుడు వచ్చిన కోపం ఏడ్చినప్పుడు రాలేదు తాతకు. ఆ మల్లెపూలు చేతిలోనే నలిగిపోయాయి. తన వల్ల ఒక మనిషి, అందులోనూ కడుపుతో ఉన్న మనిషి, నీళ్ళ బొమ్మ చూసి దాహంతో ఏడ్చిందే అని ఆయన కుమిలిపోయాడు.

ఆ వారంలోనే యెషయా అనే ఆయన ఫోటో దిగడానికి వచ్చాడు. బేగంపేట విమానాల మైదానంలో వాతావరణం కచేరీలో ఆయన ఉద్యోగం. రోజూ మేడెక్కి చుట్టూ చూసి, ఏ గుట్ట కనబడుతోంది, ఏది కనబడటం లేదు అని విమానాలు నడిపేవాళ్ళకు చెప్పాలి. చూడటానికి జీతమిచ్చే నౌకరీ కూడా ఉంటుందా అని సదాశివగారు ఆయన్ను ఎప్పుడూ ఆటపట్టించేవాడు. యెషయా కుర్చీలో కూర్చుని వెనక్కి తిరిగి తెర చూశాడు.

"వలీ సాబ్, ఇది ఏప్రిల్ నెల బేగంపేట కదా. నీళ్ళెందుకు పోసినవ్ అండ్ల?"

తాత తల గోక్కుని తన పరేషానీ అంతా చెప్పుకున్నాడు. యెషయాకు ఉత్సాహం వచ్చింది. పాపం, ఆయన పని గురించి అడిగేవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు.

"మన దగ్గర గాలిల ఉండేది మన్ను. మన్ను నీళ్ళు తాగదు. గాలి తడిగున్నా ఎండిపోయినా అది అంతే ఉంటది, గదే గోధుమరంగు. సముద్రం కాడ అట్ల కాదు. అలలు విరిగి తుంపర లేస్తది. తుంపర ఆరిపోతే ఉప్పు రేణువు మిగుల్తది, కంటికి ఆననంత చిన్నది. ఆ ఉప్పు రేణువుకు తడి గాలి తగిలిందనుకో, నీళ్ళు తాగి ఉబ్బుతది. ఉబ్బినకొద్దీ వెలుతురును పట్టి చెదరగొడ్తది. అట్లాంటివి కోట్లు ఉంటే దూరమంతా తెల్లగైతది. మీ ఆమె చెప్పింది నిజమే."

"అయితే తెల్లరంగు పూసేస్తే అయిపాయె" అన్నాడు సదాశివగారు.

తాతకు అలా పూసేయడం రాదు. ఒక వస్తువు ఎందుకలా ఉంటుందో తెలిస్తే తప్ప ఆయన కుంచె కదలదు. గుర్రం అందుకే కుదరలేదని నా అనుమానం, దాని లోపల ఏముందో ఆయనకు తెలియదు. "నా కండ్లతోని చూడాలె" అన్నాడు. యెషయా నవ్వి, ఎలా చూడాలో చెప్పాడు. చీకటి గది, అందులోకి ఒక్క ఎండపొడ, కాస్త మన్ను, కాస్త ఉప్పు, గదిలో తడి.

చిలకలగూడ ఇంట్లో వెనక గదికి రేకుల కప్పు. రేకుకో చిల్లు. పొద్దున పూట దాంట్లోంచి ఎండ గడకర్రలా ఏటవాలుగా దిగేది. మన్ను బజారంతా ఉంది. తడికీ కొదవ లేదు, వానాకాలం. ఇబ్బందల్లా ఉప్పుతోనే వచ్చింది. ఇంట్లో ఉన్నది చిన్న జాడీలో అడుగున ఉన్న దొడ్డుప్పు. అది కూడా వానలకు చెమ్మగిల్లి ముద్దైంది. నూరాలంటే ముందు వేయించాలి. అమ్మమ్మ నీళ్ళకు వెళ్ళిన సమయం చూసి తాత పొయ్యి మీద పెనం పెట్టి గుప్పెడు ఉప్పు పోశాడు. రంగులు నూరే బండ మీద నూరి ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా చేద్దామని ఆయన ఆలోచన.

దొడ్డుప్పు వేడెక్కితే ఊరుకుంటుందా? చిటపటమని పేలడం మొదలుపెట్టింది. బిందెతో వాకిట్లోకి వచ్చిన అమ్మమ్మకు ఆ చప్పుడు వినిపించింది. ఇంకో బిందె తెచ్చి ఆమె వెనక గది మూసిన తలుపు తోసేసరికి, లోపల నీళ్ళు మరిగించిన దేగ్చీ ఉంది, తాత అరచేతిలో తెల్లటి పొడి పట్టుకుని గాలిలోకి ఊదుతున్నాడు.

"పప్పులోకి చిటికెడు ఉప్పు లేక నేను ఏడుస్తుంటే, మీరు దాన్ని గాల్లోకి ఊదుతున్నారా?"

"జెర తలుపు మూయ్, ఎండ పాడైతది" అన్నాడు తాత. ఆమె తలుపైతే మూసింది కానీ నోరు మూయలేదు. బుచ్చమ్మ దగ్గర అప్పు తెచ్చిన ఉప్పు సంగతి, పెళ్ళికి ముందు మేనమామ చెప్పిన గొప్పల సంగతి, అన్నీ వరసగా వచ్చాయి. తాత ఆ తిట్ల మధ్యనే పని మళ్ళీ మొదటి నుంచి సాగించాడు. ముందు ఎండపొడలోకి మన్ను ఊదాడు. గోధుమరంగు నలకలు మెరిశాయి, కిందికి దిగాయి. దేగ్చీ ఆవిరి కంటికి కనబడకుండా ఇంకిపోయేదాకా ఆగి మళ్ళీ ఊదాడు. మన్ను మన్నులాగే ఉంది. యెషయా చెప్పినట్టే దానికి తడి పట్టలేదు. అప్పుడు ఉప్పు ఊదాడు.

"ఏమైతలేదు" అన్నాడు నిరాశగా. ఎండపొడ కాస్త మసకేసింది, అంతే.

"ఏం కాకపోవడమేంటి? ఇక్కడ పాలు పోసినట్టుంటే" అంది అమ్మమ్మ.

ఆమె గది అవతలి మూలన, ఎండ దిగే చిల్లుకు ఎదురుగా నిలబడి ఉంది. తాత చిల్లుకు వీపు పెట్టి ఇటువైపు ఉన్నాడు. కనబడుతోందని ఆమె, కనబడటం లేదని ఈయన, ఇద్దరూ ఒకే ఎండపొడ గురించి వాదించుకున్నారు. మీకు కళ్ళు లేవంటే నీకు కోపంతో కళ్ళు మసకేసినయ్ అనేదాకా వచ్చింది. చివరికి విసుగెత్తి తాత ఆమె దగ్గరికి నడిచాడు. అక్కడ నిలబడి వెలుతురుకు ఎదురుగా చూశాడు.

గదిలో సగం తెల్లబడిపోయింది. పొగలా కాదు, సున్నంలా కాదు, వెలుతురే చిక్కబడితే ఎలా ఉంటుందో అలా. వెనకనున్న నల్లటి దూలం ముందుగా మాయమైంది. ఎంత నల్లటిదైతే అంత ముందుగా తెల్లబడుతోంది. వెలుతురు వచ్చే దిక్కుకు చూస్తేనే ఆ తెలుపు. వెలుతురు వెళ్ళే దిక్కుకు చూస్తే దాదాపు ఏమీ లేదు. ఉబ్బిన ఉప్పు రేణువు వెలుతురును వెనక్కి కొట్టదు, ముందుకే చిమ్ముతుందన్నమాట.

"నువ్వు సముద్రం పొద్దున చూసేదానివా, పొద్దుగూకినంకనా?" అని అడిగాడు తాత.

"పొద్దునేనండీ. అన్నం మూట పట్టుకుని పోయేదాన్ని."

"సూర్యుడు ఎటుంటడు?"

"ఎదురుగా. నీళ్ళలోంచే కదా వచ్చేది. ఇంకెటు ఉంటాడు?"

తాత ఆమెను ఎత్తుకుని తిప్పబోయి, కడుపు గుర్తొచ్చి, ఆగి, రెండు చేతులూ పట్టుకుని నవ్వాడు. ఇద్దరి ముఖాల మీదా ఉప్పు. అమ్మమ్మ నాలుకతో పెదవి తడిపి చూసుకుంది. ఆ పూట పప్పు చప్పగానే తిన్నారు.

వెంటనే వేసేసేవాడే, కానీ రోజులు అలా కుదరనివ్వలేదు. సెప్టెంబరులో ఇండియా సైన్యాలు వచ్చాయి. బజారు మూసేశారు. పుకార్లు ఇంటింటికీ తిరిగాయి. ఎవరి ఊళ్ళో ఎవరికి ఏమైందో తెలియక అందరూ వణికిపోయారు. బుచ్చమ్మ వచ్చి అడగకుండానే మా వాళ్ళిద్దరినీ తన ఇంట్లోకి తీసుకుపోయి, గడప దగ్గర తను పడుకుంది. దూరపు ఊళ్ళలో ఉన్న మా చుట్టాల్లో అందరూ అంత అదృష్టవంతులు కారు. ఆ సంగతి మా ఇంట్లో తక్కువ మాటల్లో చెప్పుకుంటారు, నేనూ అంతే చెబుతాను.

కొద్దిరోజులకు బజారు తెరిచారు. దుకాణాల్లోకి ఉప్పు బస్తాలు వచ్చాయి. అమ్మమ్మ జాడీ నిండా పోసుకుని బుచ్చమ్మ అప్పు తీర్చింది. తాత స్టూడియోకు పోయి తెరకు సుద్ద పూత వేసి మొదటి నుంచీ మొదలుపెట్టాడు. ఏడో నెల వేడుక దగ్గరపడుతోంది. ఆ రోజుకు ఆమె ముందు సముద్రం ఉండాలని పట్టుబట్టాడు.

సదాశివగారికి మాత్రం కొత్త తక్లీఫ్ షురూ అయింది. స్టూడియోలో వెలుతురు ఎడమ పక్క కిటికీ నుంచి వస్తుంది. అందుకని తెరల మీద కూడా ఎండ ఎడమ నుంచే పడేలా వేయాలి. అది ఆ వృత్తిలో కట్టుబాటు. తాత తెరలో ఎండ ఎదురుగా, నేరుగా చూసేవాళ్ళ కళ్ళలోకి వస్తోంది.

"నా కిటికీ ఎటు, నీ సూర్యుడు ఎటు ఇమాం భాయ్? ఫోటో ఎట్ల కుదుర్తది? పైగా నడిమిట్ల ఏం లేదు, అంతా తెలుపే."

"ఏం లేదనకు. అండ్ల ఉప్పుంది."

"ఉప్పు ఫోటోల పడ్తదా?"

"పడ్తది. చూడు నువ్వు."

సదాశివగారు నెత్తి కొట్టుకున్నాడు కానీ తెర ముట్టుకోలేదు. ఆయన మంచితనం అక్కడుంది. తాత ఒడ్డున బురద రంగు అలలు వేశాడు. దగ్గరి పడవను ముదురుగా, దాని వెనక పడవను పల్చగా, ఆ వెనకదాన్ని ఊపిరంత వేశాడు. అక్కడి నుంచి సుద్దను వేలితో అద్దుతూ, గుడ్డతో తుడుస్తూ పోయాడు. నీళ్ళెక్కడ అయిపోయాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో ఆయనకే తెలియకుండా పోయేదాకా తుడిచాడు. తాళ్ళ ఓడ ఈసారి లేదు. అంత కష్టపడి వేసిన ఓడ పోయినందుకు ఒక పూట దిగులుపడ్డాడు కూడా.

ఏడో నెల వేడుక రోజున అమ్మమ్మకు పచ్చగాజులు తొడిగారు, ఒడిలో పండ్లు పోశారు. అందరూ కలిసి ఫోటో దిగుదామని తాత స్టూడియోకు తీసుకుపోయాడు. బుచ్చమ్మ కొత్త చీర కట్టుకుంది. యెషయా కూడా వచ్చాడు, తన ఉప్పు సంగతి ఏమైందో చూడాలని. తెర మీద కప్పిన దుప్పటిని తాత లాగేశాడు.

అమ్మమ్మ నవ్వలేదు, ఏడవలేదు. తాతకు ఇక వేయడానికి సమయం లేదు, చేయడానికి ఇంకో ఉపాయం లేదు. సదాశివగారు అందర్నీ వరసగా నిలబెట్టి, ఆమెను మధ్యలో స్టూలు మీద కూర్చోబెట్టి, కెమెరా దగ్గరికి పోయాడు.

"అమ్మా, ఇటు చూడాలె" అన్నాడు.

ఆమె స్టూలు మీదే అటు తిరిగిపోయింది. తెర వైపుకు.

"ఏమంటవే? నచ్చలేదా? నోరు విప్పి చెప్పు" అన్నాడు తాత.

"మాట్లాడకండి" అంది అమ్మమ్మ, తల తిప్పకుండానే. "ఇందులోంచే వచ్చేవాడండీ మా నాన్న. సరుకు పడవలో. నేను అన్నం మూట పట్టుకుని ఒడ్డున కూర్చునేదాన్ని. ఏమీ కనబడేది కాదు. చూస్తూ చూస్తూ ఉంటే తెలుపులో చిన్న మచ్చ పడేది. అదే మా నాన్న. నన్ను కాసేపు చూడనివ్వండి."

తాత అందరి ముందూ ఏడ్చేశాడు. ఏడుస్తూనే నవ్వాడు. అది చూసి బుచ్చమ్మ నవ్వింది, యెషయా నవ్వాడు. సదాశివగారు వాళ్ళు నవ్వడం చూసి, ఇంతకంటే మంచి సమయం దొరకదని ఫోటో తీసేశాడు. ఆ తర్వాతే ఆయనకు గుర్తొచ్చింది, ఎవరి కోసం ఈ ఫోటోనో ఆ మనిషి ముఖమే ఇందులో లేదని. ఇంకోటి తీస్తానని ఆయన ఎంత బతిమాలినా తాత ఒప్పుకోలేదు. గిదే ఉండనీ అన్నాడు.

ఆ ఫోటో మా ఇంట్లో ఉంది. తాత, బుచ్చమ్మ, యెషయా పళ్ళన్నీ కనబడేలా నవ్వుతుంటారు. మధ్యలో అమ్మమ్మ వీపు, పొడుగాటి జడ, ఆమెకు ఎదురుగా తెల్లటి దూరం. ఇంటికొచ్చిన కొత్తవాళ్ళు ఈమె ఎవరు, అటు తిరిగిందేమిటని అడుగుతారు. మా అమ్మ షహర్ బానో ఆ జడ మీద వేలు పెట్టి, "ఇది మేమిద్దరం. మా అమ్మా, కడుపులో నేనూ. సముద్రం చూస్తున్నం" అని చెబుతుంది.